ఎస్‌యూవీ లాగుతుంది సరే, మోయగలదా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఏ బండి కొనాలి, ఏ ట్రైలర్ కొనాలి అన్నది ఇవాళ నేను చెప్పను, ముందే చెప్పేస్తున్నా. మీ దగ్గర ఇప్పటికే ఒక మిడ్‌సైజ్ ఎస్‌యూవీ ఉంది, దాని వెనక ఒక ట్రావెల్ ట్రైలర్, అంటే చక్రాల మీద చిన్న ఇల్లు, తగిలించుకుని పిల్లాపాపలతో బయల్దేరాలని ఉంది, షోరూములో సేల్స్ అతను "ఇది అయిదు వేల పౌండ్లు లాగుతుందండీ" అన్నాడు. అక్కణ్ణించి మొదలుపెడదాం. అయిదు వేల పౌండ్లంటే 2,268 కిలోలు. అతను చెప్పింది అబద్ధమేం కాదు. కాకపోతే ఆ అంకె పక్కన ట్రైలర్ బ్రోచర్లో ఉన్న 2,000 కిలోలు పెట్టుకుని, ఇంకా 268 కిలోలు మిగిలిందిలే అని ధీమాగా ఉంటే కొంప మునిగినట్టే.

లాగడం వేరు, మోయడం వేరు. లాగేది ఇంజినూ గేర్‌బాక్సూ. మోసేది వెనక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు, ట్రైలర్ తగిలించడానికి కింద బిగించిన హిచ్ రిసీవర్. ఈ సైజు బండ్లలో ఇంజిన్ ఇంకా లాగుతానంటూనే ఉంటుంది, వెనక భాగం మాత్రం ఎప్పుడో చేతులెత్తేసి ఉంటుంది. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది, విసుగనుకోకండి.

అసలు ఆ 2,268 ఎలా వస్తుందో చూడండి. అమెరికాలో చాలా కంపెనీలు ఎస్ఏఈ, అంటే అక్కడి వాహన ఇంజినీర్ల సంఘం, పెట్టిన జే2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్ష చేసి ఆ అంకె ఇస్తాయి. అందులో ఒక పరీక్ష అరిజోనాలో డేవిస్ డ్యామ్ గ్రేడ్ అనే ఘాట్ రోడ్డు లెక్కన ఉంటుంది, సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు, మండే ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, వేగం ఒక హద్దు కంటే పడిపోకుండా ఎక్కాలి. గట్టి పరీక్షే, కాదనను. కానీ ఆ పరీక్షలో బండి లోపల ఎవరున్నారు? డ్రైవరు, పక్కన ఇంకొకరు, ఒక్కొక్కరు 68 కిలోలు. అంతే. వెనక సీట్లో ముగ్గురు పిల్లలు లేరు, డిక్కీలో సూట్‌కేసులు లేవు, పైన క్యారియర్ లేదు, కుక్కపిల్ల లేదు. మన బండిలో ఇవన్నీ ఉంటాయి. (నవ్వులు)

అందుకని బ్రోచర్ పక్కన పెట్టి డ్రైవర్ డోర్ తెరవండి. డోర్ మూసినప్పుడు తగిలే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, టైర్ల గాలి ఎంత ఉండాలో రాసి ఉంటుందే, అదే. దాని మీద మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు దాటకూడదు అని ఒక అంకె ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటాం. ఒకే మోడల్లో సన్‌రూఫ్ ఉన్నదానికీ లేనిదానికీ, మూడో వరుస సీట్లున్నదానికీ లేనిదానికీ ఇది మారిపోతుంది, కాబట్టి నెట్‌లో వెతక్కండి, మీ డోర్ మీద ఏముందో అదే మీది.

ఆ అంకె 600 కిలోలు అనుకుందాం. నలుగురు మనుషులు, 280. సామాను 60. హిచ్ సామగ్రి, అంటే ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు (బాల్), దాన్ని పట్టే మౌంటూ బార్లూ అన్నీ కలిపి, 30. అయింది 370. మిగిలింది 230. ఇప్పుడు ట్రైలర్ ముందు భాగం బండి హిచ్ మీద కొంత బరువు మోపుతుంది కదా, దాన్ని టంగ్ వెయిట్ అంటారు. మామూలు ట్రావెల్ ట్రైలర్లకి అది సామానుతో నిండిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 2,268 కిలోల ట్రైలర్‌కి నడిమధ్యన పన్నెండున్నర శాతం వేసుకుంటే 283 కిలోలు. మన దగ్గర ఉన్నది 230. అయిపోయింది లెక్క. బండి 2,268 లాగుతుంది, నిజమే, మీ ఇంట్లోవాళ్లని దింపేసి వెళితే.

ఇంకో మెలిక కూడా ఉంది. హిచ్ రిసీవర్ మీద దాని సొంత స్టిక్కర్ ఒకటి ఉంటుంది, వంగి చూడాలి, చాలామంది చూడరు. ఈ తరగతి బండ్లకి తరచుగా 5,000 పౌండ్లు, టంగ్ వెయిట్ 500 పౌండ్లు అని ఉంటుంది. 500 పౌండ్లంటే 227 కిలోలు. అంటే సరిగ్గా 10 శాతం దగ్గరే హద్దు గీశారు. మీరు స్థిరత్వం కోసం 13 శాతం పెట్టుకుందామంటే ట్రైలర్ 1,745 కిలోలు దాటకూడదు. నన్నడిగితే ఇలాంటి బండికి నిండు బరువు 1,600 లోపు ఉన్న ట్రైలర్ చూసుకోవడమే మేలు. అటూ ఇటూ కొంత చోటు మిగులుతుంది, నడిపేవాడికి టెన్షన్ ఉండదు. యూరప్‌లో ఈ లెక్కలు వేరుగా ఉంటాయి, హిచ్ మీద అనుమతించే బరువు చాలా తక్కువ, 75 నుంచి 100 కిలోల దాకా ఉన్న బండ్లు బోలెడు, దానికి తగ్గట్టు ట్రైలర్లూ అలాగే కడతారు, వేగమూ తక్కువే, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లే. అక్కడి అంకె ఇక్కడా, ఇక్కడి అంకె అక్కడా పెట్టి కలగాపులగం చేయొద్దు. మీ బండి మాన్యువల్‌లో ఏముంటే అదే ఖాయం.

నిండు బరువు అని ఎందుకు అంటున్నానంటే, బ్రోచర్లో పెద్దక్షరాలతో వేసేది ఖాళీ బరువు. అందులో తరచుగా బ్యాటరీ ఉండదు, గ్యాస్ సిలిండర్లలో గ్యాస్ ఉండదు, నీళ్లు ఉండవు, డీలర్ తర్వాత బిగించిన ఏసీ, పక్కకి చాచే ఎండపందిరి లెక్కలోకి రావు. నీళ్ల ట్యాంకు 150 లీటర్లయితే అదొక్కటే 150 కిలోలు. ఇక గిన్నెలు, దుప్పట్లు, కుర్చీలు, పనిముట్ల పెట్టె, అన్నీ "చిన్న సామానే". ఖాళీ బరువు మీద రెండు మూడు వందల కిలోలు పెరగడం మామూలు విషయం. ట్రైలర్ గోడ మీద గరిష్ఠ బరువు రాసిన ప్లేటు ఉంటుంది, దాన్నే పట్టుకుని లెక్క వేసుకుంటే ఏ గొడవా లేదు.

ఇంత మాట్లాడినా ఇదంతా కాగితం మీద లెక్కే. అసలు నిజం కాటా దగ్గర తెలుస్తుంది. లారీలు తూచే వేబ్రిడ్జి ఉంటుందిగా, అక్కడికి వెళ్లండి, ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అచ్చం అలా, మనుషులతో సహా. ముందు బండికి ట్రైలర్ తగిలించి, బండి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు విడివిడిగా తూయించండి. తర్వాత ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, బండి ఒక్కదాన్నీ మళ్లీ తూయించండి. ఒక ఉదాహరణ చెబుతా, రాసుకునేవాళ్లు రాసుకోండి. బండి ఒక్కటే ఉన్నప్పుడు ముందు 1,190, వెనక 1,160, మొత్తం 2,350. ట్రైలర్ తగిలించాక ముందు 1,110, వెనక 1,435, మొత్తం 2,545. తేడా 195, అదే టంగ్ వెయిట్. ట్రైలర్ ఇరుసు మీద 1,380 చూపించింది, దానికి ఈ 195 కలిపితే ట్రైలర్ అసలు బరువు 1,575. 195 అందులో 12 శాతం పైచిలుకు. బాగుంది.

కానీ ఆ వెనక ఇరుసు అంకె ఒక్కసారి చూడండి. హిచ్ మీద పడింది 195 కిలోలే, వెనక ఇరుసు మీద పెరిగింది మాత్రం 275. ఎక్కణ్ణించి వచ్చింది ఆ 80? ముందు ఇరుసు నుంచి. హిచ్ బాల్ వెనక చక్రాలకి ఇంకా ఒక మీటరు పైన వెనక్కి ఉంటుంది కదా, అక్కడ బరువు పడగానే వెనక చక్రాలు ఇరుసుగా ముక్కు పైకి లేస్తుంది. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట మీ హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి. వాడు మీకు లైట్లు ఆర్పి వెలిగించి చూపిస్తుంటే మీరు వాడినే తిట్టుకుంటుంటారు.

దీనికోసమే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని ఒకటి ఉంటుంది. రెండు స్ప్రింగు కడ్డీలు, అవి మీటలాగా పనిచేసి వెనక పడ్డ బరువులో కొంత ముందు ఇరుసుకీ కొంత ట్రైలర్ ఇరుసుకీ తోస్తాయి. మంచి వస్తువే, కానీ అది పెట్టగానే బండి కెపాసిటీ పెరిగిపోదు, డోర్ స్టిక్కర్ మీద అంకె అలాగే ఉంటుంది. ఇంకా ముఖ్యం, కొన్ని ఎస్‌యూవీల మాన్యువల్స్ ఇది వాడొద్దని స్పష్టంగా రాస్తాయి, ఇంకొన్ని ఫలానా బరువు దాటితే వాడి తీరాలంటాయి. మీది ఏ రకమో చదవకుండా కొనొద్దు. వాడేవాళ్లు ముందు చక్రం పైన బాడీ అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి, ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించాక ఒకసారి, కడ్డీలు బిగించాక ఒకసారి. లేచిన ముక్కు ఎంత దిగాలో మాన్యువల్‌లో ఉంటుంది. కళ్లతో చూసి "బానే ఉందిలే" అనుకోవద్దు, రెండు సెంటీమీటర్ల తేడా కంటికి ఆనదు.

ఇక ఊగడం. అందరూ భయపడేది దీనికే, భయపడాల్సిందే. ఎడ్లబండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడల మీద పట్టు పోతుంది చూడండి, ట్రైలర్‌లో కూడా అంతే. బరువైనవన్నీ తీసుకెళ్లి వెనక అలమరలో పెట్టి, పైగా వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్లు వేలాడదీస్తే టంగ్ వెయిట్ పడిపోతుంది, అప్పుడు ట్రైలరే తోకై బండిని ఊపుతుంది. బరువు సామాను ఇరుసు పైన, కాస్త ముందుకి, కింద నేలకి ఆనేలా ఉండాలి. తేలికవి మాత్రమే పైన, వెనక. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా చూసుకోండి. ఇరుసుకి వెనక ఉంటే అది నిండినప్పుడు మీ కాటా లెక్క మొత్తం మారిపోతుంది.

సరిగ్గా సర్దినా ఒక్కోసారి ఊగుతుంది. పెద్ద లారీ దాటుకుంటూ వెళ్లినప్పుడు దాని గాలి ముందు ట్రైలర్‌ని పక్కకి నెట్టి తర్వాత లోపలికి లాగుతుంది. లేదా పల్లంలో దిగుతూ వేగం తెలియకుండా పెరిగిపోతుంది. మొదట అద్దంలో ట్రైలర్ మూల కొద్దిగా కనపడి మాయమవుతుంది, మళ్లీ అటుపక్క అద్దంలో. అప్పుడు మన ఒళ్లంతా బ్రేక్ తొక్కమంటుంది. తొక్కొద్దు. బండి బ్రేకులు పడితే ముందున్నది నెమ్మదిస్తుంది, వెనకున్నది ఇంకా నెట్టుకొస్తుంది, ఊపు పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి, స్టీరింగ్ గట్టిగా నిటారుగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పే ప్రయత్నం చేయొద్దు. బండిలోంచి ట్రైలర్ బ్రేకుల్ని నడిపే బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, అది నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి, వెనక్కి లాగిపట్టినట్టయి అది వరసలోకి వస్తుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి పోవాలి, ఖాళీ రోడ్డు మీద పదిసార్లు అలవాటు చేసుకోండి. అదుపులోకి వచ్చాక పక్కకి ఆపి, ఎందుకు ఊగిందో చూసుకోకుండా మళ్లీ బయల్దేరొద్దు.

అక్కడ ఎవరో చెయ్యెత్తారు, అడగండి. యాక్సిలరేటర్ తొక్కితే ట్రైలర్ సాగి నిటారవుతుందని విన్నారా? నేనూ విన్నాను, చాలామంది చెబుతారు. చిక్కేమిటంటే వేగం పెరిగేకొద్దీ ఊపు తనంతట తాను తగ్గే గుణం తగ్గిపోతుంది. ఒక వేగం దాటాక చిన్న కుదుపు కూడా తగ్గకుండా పెరుగుతూనే పోతుంది. మీరు తొక్కి అటువైపే వెళుతున్నారు. పైగా ట్రైలర్ లాగుతున్న మిడ్‌సైజ్ బండి దగ్గర హైవే వేగంలో అంత మిగులు బలం ఎక్కడుంది? తొక్కినా గేరు మారి అరవడమే తప్ప వెంటనే లాగదు. వద్దండి.

వేగం మాట వచ్చింది కాబట్టి, గాలి సంగతీ చెప్పేస్తా. ట్రావెల్ ట్రైలర్ ముందు భాగం అంటే ఒక గోడ. గాలి ఎదురుతోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే 80 నుంచి 100కి వెళితే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కొన్ని మాన్యువల్స్‌లో ట్రైలర్ ముఖం వైశాల్యానికి కూడా హద్దు ఉంటుంది, బరువు సరిపోయినా ఎత్తు సరిపోకపోవచ్చు. ట్రైలర్లకి వేసే ఎస్‌టీ టైర్లు, వేరేగా గుర్తు లేకపోతే, గంటకి 65 మైళ్లకే, అంటే 105 కిలోమీటర్లలోపే తయారైనవి. నేను 90, 95 దాటను. వెనక హారన్ కొట్టేవాళ్లు కొడతారు, దారిచ్చేయండి, వెళ్లిపోతారు.

టైర్ల గురించి ఒక్క మాట. ట్రైలర్ టైరు అరిగిపోయి చావదు, ముసలిదై చస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో కదలకుండా నిలబడి ఉంటుంది కదా, పైకి గాడి కొత్తదానిలాగే ఉంటుంది, లోపల రబ్బరు పోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. అయిదారేళ్లు దాటితే మార్చేయండి, గాడి ఎంత ఉన్నా సరే. గాలి ప్లేటు మీద రాసినంతా, చల్లగా ఉన్నప్పుడు, ప్రతి ప్రయాణం ముందు. గాలి తక్కువైతే టైరు పక్కలు మడతపడుతూ వేడెక్కి పగులుతాయి. దారిలో ఆగినప్పుడల్లా చక్రం నడిమధ్యనున్న హబ్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూడండి, తగలకుండా మెల్లగా. మిగతా చక్రాలకంటే ఒకటి బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందన్నమాట.

బ్రేకులు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, యూరప్‌లో 750 కిలోలు దాటితే. చట్టం సంగతి అలా ఉంచండి, మీ బండి బ్రేకులు మీ బండి కోసం చేసినవి, ఇంకో టన్నున్నరని ఆపడం వాటి పని కాదు. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలరైతే బండిలో కంట్రోలర్ ఉండాలి, మీరు ఎంత గట్టిగా తొక్కితే అంతే బలంగా ట్రైలర్ బ్రేకు వేసే రకం, ప్రపోర్షనల్ అంటారు, అదే తీసుకోండి. దాన్ని సెట్ చేయడం తేలిక. పొడి రోడ్డు మీద, ఖాళీ చోట, 40 కిలోమీటర్ల వేగంలో మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయి కీచుమంటే కాస్త తగ్గించండి, లాక్ అవడానికి ఒక్క మెట్టు ముందు ఆపండి. లోడు మారితే మళ్లీ చేయాలి. బ్రేక్‌అవే తీగ, ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసేది, దాన్ని సేఫ్టీ చెయిన్‌కి కట్టకండి, బండికి విడిగా తగిలించండి. చెయిన్ తెగితే దాంతోపాటు అదీ పోతుంది కదా. దాని బ్యాటరీ చార్జింగ్ లేకపోతే తీగ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

తగిలించేటప్పుడు ఎక్కువమంది తొందరపడతారు. కప్లర్, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు, దాని మీద ఏ సైజు బాల్ కావాలో చెక్కి ఉంటుంది, రెండంగుళాలో, రెండూ అయిదు బై పదహారో. పెద్ద కప్లర్ చిన్న బాల్ మీద చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, మొదటి గతుకులో లేచిపోతుంది. కూర్చోబెట్టి గొళ్లెం వేసి పిన్ను పెట్టాక ఒక పని చేయండి, ట్రైలర్ జాకీని మళ్లీ పైకి తిప్పండి. కప్లర్ సరిగా పట్టి ఉంటే దాంతోపాటు బండి వెనక భాగం కూడా ఒకటి రెండంగుళాలు లేస్తుంది. లేవకుండా కప్లర్ ఒక్కటే పైకొచ్చిందా, గొళ్లెం బాల్ కింద పట్టలేదు. అర నిమిషం పని. చెయిన్లు రెండూ కిందనుంచి ఒకదానిమీదొకటి అడ్డంగా, కప్లర్ ఊడినా ముక్కు నేలకి కొట్టుకోకుండా ఊయలలా పట్టేలా తగిలించండి.

ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించాల్సింది పల్లం మొదలవకముందే. సగం దిగాక గుర్తొస్తే అప్పటికే బ్రేకులు వేడెక్కి ఉంటాయి. కాలు బ్రేక్ మీద ఆనించి ఉంచొద్దు. ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి, పెరిగాక మళ్లీ.

ఇంకా ఏమైనా? రివర్స్... అదడక్కుండా ఏ సభా అవ్వదు. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి, పైన కాదు. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి, అంతే. ఎడమకి పోవాలంటే చెయ్యి ఎడమకి. కొంచెం కొంచెం, చాలా మెల్లగా. మిడ్‌సైజ్ బండ్లు పొట్టివి కాబట్టి ట్రైలర్ త్వరగా మడతపడుతుంది, అద్దంలో ట్రైలర్ పక్క గోడ మొత్తం కనపడుతోందంటే ఆపి ముందుకి లాగండి, నిటారు చేసుకుని మళ్లీ రండి. వెనక ఒక మనిషిని నిలబెట్టండి, ఆ మనిషి అద్దంలో కనపడకపోతే ఆగిపోండి. పెద్ద పార్కింగ్‌లో ఖాళీ వేళ రెండు శంకువులు పెట్టుకుని ఒక పూట సాధన చేస్తే చాలామందికి పట్టుబడుతుంది.

విప్పేటప్పుడు ఏం చూడాలని ముందు వరసలో ఆవిడ అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కప్లర్ గొళ్లెం మీద చెయ్యి వేసేముందే ట్రైలర్ చక్రాలకి రెండు పక్కలా, ముందూ వెనకా, అడ్డుచెక్కలు పెట్టాలి. ట్రావెల్ ట్రైలర్లలో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ ఉండదు, ఇన్నాళ్లూ దాన్ని ఆపి ఉంచింది మీ బండే. నేల చదునుగా కనిపించినా పెట్టండి. చెక్కలు పెట్టాక, జాకీ బరువు తీసుకున్నాక, కరెంటు ప్లగ్గూ బ్రేక్‌అవే తీగా తీశాక గొళ్లెం విప్పండి, చెయిన్లు మాత్రం అన్నిటికంటే చివర్న. బండిని ఒక అడుగు ముందుకి లాగి, ట్రైలర్ కదలడం లేదని చూసుకుని అప్పుడు చెయిన్లు తీసేయొచ్చు, వాటికి ఆ మాత్రం పొడవు ఉంటే. లేకపోతే అడ్డుచెక్కల్ని కాలితో తన్ని గట్టిగా కూర్చున్నాయో లేదో చూసి తీయండి.